గీత వచ్చిన చేతికి మళ్ళీ గీత

నేను ముప్పై ఆరేళ్ళు గీతలు గీసి బతికినవాణ్ణి. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసి, కాలవల ఆఫీసులో చేరి, తూములూ కల్వర్టులూ కాలవ సెక్షన్లూ గీసి గీసి 62 నిండాక రిటైరయ్యాను. మొదట్లో టీ స్క్వేరు, ట్రేసింగ్ పేపరు, ఇంకుతో గీసే రోట్రింగ్ పెన్ను. ఆ తర్వాత కంప్యూటరూ, దాని మీద గీసే ఆటోక్యాడూ. అందుకే శ్రీకాళహస్తిలో ఒక ఇంటి వరండాలో కూర్చుని గుడ్డ మీద కలంకారీ నెమలి గీస్తున్న ఆవిణ్ణి చూసి, "ఇదేముందిరా, మేం రోజూ చేసిన పనేగా" అని మా బావమరిదితో అన్నప్పుడు అందులో పొగరుందని నాకు తోచలేదు. ఉన్న మాటే అన్నాననుకున్నాను.

ఆవిడ విన్నారు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. కోప్పడలేదు. "రండి సార్, ఒక గీత వేసి చూడండి" అని చేతిలో ఉన్న కలం నాకే ఇచ్చారు. నెమలి మెడ దగ్గర ఎక్కడ వెయ్యాలో వేలితో చూపించారు. నేను కలం పట్టుకుని వంగానో లేదో, మొన గుడ్డకి ఆనీ ఆనకముందే రూపాయి బిళ్ళంత మచ్చ పడింది. పడ్డప్పుడు టీ చుక్కలా గోధుమరంగులో ఉంది. తుడిస్తే పోతుందిలే అనుకునే లోపే నల్లబడింది, చూస్తుండగానే కాటుకైపోయింది. నా చెయ్యి చొక్కా జేబులోకి వెళ్ళింది. బ్లేడు కోసం. ట్రేసింగ్ పేపరు మీద ఇంకు పడితే సగం బ్లేడుతో మెల్లగా గీకి మళ్ళీ గీసేవాళ్ళం. ఆ పని మానేసి ఇరవై ఏళ్ళు దాటినా చెయ్యి మర్చిపోలేదు.

ఆవిడ కలం తీసుకుని ఆ మచ్చ చుట్టూ ఒక్క గీత తిప్పారు. పైన చిన్న తొడిమ పెట్టారు. అక్కణ్ణుంచి నెమలి ముక్కు కిందికి వంచి గీశారు. నేరేడు పండు తింటున్న నెమలి అయింది. "ఏమీ కాదులే సార్" అన్నారు. బావమరిది నవ్వాడు. నేను కూడా నవ్వాను గానీ తిరుపతి వచ్చేదాకా బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు.

రెండు నెలల తర్వాత నేనే వెతుక్కుంటూ వెళ్ళాను. ఇంట్లో ఊరికే కూర్చోలేకపోతున్నాను అన్నది ఒక కారణం. ఆ మచ్చ ఇంకా కళ్ళ ముందు ఉండడం అసలు కారణం. "నేర్పిస్తారా?" అనడిగితే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నేర్పిస్తా గానీ సార్, మూడు నెల్లు గీతలే. బొమ్మలు అడగకూడదు" అన్నారు. మూడు నెలలు ఎందుకు, నాకు మూడు రోజులు చాలనుకున్నాను. నేను ఆటోక్యాడ్ నేర్చుకున్నదే మూడు నెలల్లో, అదీ నలభై దాటాక.

వారానికి మూడు రోజులు వెళ్ళేవాణ్ణి. తిరుపతి నుంచి రేణిగుంట, ఏర్పేడు మీదుగా గంట ప్రయాణం. ఆ బస్సులో సగం మంది రాహుకేతు పూజకి పోయేవాళ్ళే. చేతిలో సంచీ పట్టుకుని వారం వారం కాళహస్తి పోతున్నానని మా వీధిలో ఒకాయన మా ఆవిణ్ణి పక్కకి పిలిచి, "సారుకి ఏదైనా దోషమా అమ్మా?" అని అడిగాడట. "దోషమే, చేతి దోషం" అందట మా ఆవిడ.

మొదటి రోజు గీతలు కూడా లేవు. కలం చేసుకోమన్నారు. జానెడుకి కొంచెం పైన ఉండే వెదురు పుల్ల, ఒక చివర చెక్కి మొన తీయాలి. మొనకి అంగుళం పైన గుడ్డ ముక్క చుట్టి, దాని మీద దారం బిగించి చుట్టాలి. చూడ్డానికి చిన్న కండెలా ఉంటుంది. కలాన్ని రంగులో ముంచితే ఆ గుడ్డ పీల్చుకుంటుంది. వేళ్ళు ఉండేది ఆ గుడ్డ మీదే. వేళ్ళతో పిండిన కొద్దీ రంగు పుల్ల వెంట మొనకి దిగుతుంది. ఇంతే పరికరం. గుడ్డ వదులుగా చుడితే రంగు ఒక్కసారిగా కారిపోతుంది, మరీ బిగిస్తే దిగనే దిగదు. నేను చేసిన మొదటి నాలుగు కలాలూ కారాయి. అయిదోది ఎండిపోయిన పంపులా ఊరుకుంది.

చిక్కంతా ఎక్కడుందో అర్థం కావడానికి నాకు వారాలు పట్టింది. రోట్రింగ్ పెన్నులో గీత మందం పెన్నుదే. 0.3 మిల్లీమీటర్లు కావాలంటే 0.3 పెన్ను తీస్తాం, 0.5 కావాలంటే అది తీస్తాం. నిటారుగా పట్టుకుని ఒకే వేగంతో లాగడమే మన పని. కలంలో ఆ పనంతా బొటనవేలిది. అంతకుముందు నా బొటనవేలికి ఏ బాధ్యతా లేదు, పెన్ను పడిపోకుండా చూసుకునేదంతే. ఇప్పుడు అదే నిబ్బు, అదే కుళాయి. పైగా, గీత సన్నబడుతోందంటే డ్రాఫ్ట్స్‌మన్ చెయ్యి ఏం చేస్తుంది? మొనని కిందికి నొక్కుతుంది. వెదురు మొనని గుడ్డ మీద నొక్కితే పోగులు లేస్తాయి, మొన చీలుతుంది, గీత మాత్రం లావు కాదు. "ఒత్తొద్దండి సార్, పిండండి. ఒత్తేది వేరే, పిండేది వేరే" అని ఆవిడ ఆ నెలలో ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు.

ఇక గుడ్డ సంగతి. కోరా నూలు బట్టని ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరేస్తారు. కరక్కాయలోని వగరే కసిమిని నల్లగా మారుస్తుంది. పాలలోని కొవ్వు రంగుని పక్కలకి పాకనివ్వదు. కసిమి అంటే ఇనుప రంగు. తుప్పు పట్టిన మేకులూ ఇనుప ముక్కలూ, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే వచ్చే నీళ్ళు. కుండలో ఉన్నప్పుడు అది నలుపు కాదు, పలచటి కషాయంలా ఉంటుంది. కరక్కాయ పట్టిన గుడ్డని తాకాకే నల్లబడుతుంది. నా మొదటి మచ్చ కళ్ళ ముందే నల్లబడిందంటే అదీ సంగతి. తుడవడానికి అది గుడ్డ మీద పూసిన ఇంకు కాదు, పోగులోపలే పుట్టిన నలుపు. నిమ్మకాయ రుద్దితే పలచబడుతుంది గానీ ఆనవాలు పోదు. నేను రుద్ది చూశాకే చెబుతున్నాను.

పాలు ఎన్ని, కరక్కాయ ఎంత అని అడిగాను. "చేతికి తెలుస్తుంది సార్" అన్నారు. నా చేతికి ఏమీ తెలియదని ఇద్దరికీ తెలుసు. ఆఫీసు అలవాటు, నేను ఎం.బుక్కు, అంటే పనుల కొలతల పుస్తకం, రాసేవాడిలా ఒక నోట్‌బుక్కు పెట్టుకుని, ఆవిడ కలుపుతుంటే కళ్ళతోనే కొలిచి రాసుకున్నాను: రెండు మీటర్ల గుడ్డ, 100 గ్రాముల కరక్కాయ పొడి, లీటరు నీళ్ళు, లీటరు చిక్కటి పాలు. ఇంటికొచ్చి నేనే చేద్దామని పూనుకున్నాను. ఇంట్లో ఉన్నది వెన్న తీసిన ప్యాకెట్ పాలు. పాలు పాలే కదా అని అవే పోశాను. మర్నాడు ఆ గుడ్డ మీద గీసిన ప్రతి గీతకీ రెండు వైపులా మీసాలు మొలిచాయి. దాని తర్వాత గేదె పాలే తెచ్చాను గానీ ఆ రోజు మబ్బు పట్టింది. ఆరని పాల గుడ్డ వాసన ఎలా ఉంటుందో, అది ఇంటి వెనక దండెం మీద రెండు రోజులుంటే కాపురం ఎలా ఉంటుందో నేను వర్ణించను. ఆ మీదట నాకు నేర్పే మేడమ్ దగ్గరే గుడ్డ కొనుక్కున్నాను. గీత వచ్చేదాకా గుడ్డ జోలికి పోకూడదని అప్పుడే పెట్టుకున్న నియమం. రెండూ ఒకేసారి నేర్చుకోబోతే తప్పు ఎవరిదో తెలియడం లేదు, గుడ్డదా, కలానిదా, నాదా అని.

నాతోపాటు ఇంకో శిష్యురాలు ఉండేది. పక్కింటి పిల్ల, ఎనిమిదో తరగతి. బడి అయ్యాక వచ్చి ఒక గంట కూర్చునేది. నేను మొదలుపెట్టిన నెల తర్వాత చేరింది. రెండో నెల చివరికి నన్ను దాటేసింది. ఆ పిల్ల గీసిన లత చూస్తే పాకుతున్నట్టే ఉండేది. నాది కుదురుగా, శుభ్రంగా, ఎక్కడా తేడా లేకుండా ఉండేది. నాకదే గొప్ప. ఒకరోజు ఆ పిల్ల నా గుడ్డ మీదికి వంగి చాలాసేపు చూసి అడిగింది: "తాతా, నీ లత ఎందుకు కాలవ మాదిరిగా ఉంది?"

మేడమ్ నవ్వు ఆపుకుని లోపలికి వెళ్ళిపోయారు. నేను చూసుకున్నాను. నిజంగా కాలవే. రెండు గట్లూ సమానం, మలుపులన్నీ ఒకే వ్యాసార్థంతో తిప్పినట్టు, అడుగు వెడల్పు మొదటి నుంచి చివరిదాకా ఒకటే. ఆకులు తూముల్లా అంతంత దూరానికి ఒకటి. ఎవరైనా ఆ లత పట్టుకెళితే ఎస్టిమేట్ వెయ్యొచ్చు. ముప్పై ఆరేళ్ళు నా గీతలో మనిషి చెయ్యి కనబడకుండా చూసుకోవడమే నా పనితనం. ఎవరు గీసినా ఒకేలా ఉండాలి, అది డ్రాయింగ్ ధర్మం. ఇక్కడ ఆ ధర్మమే అడ్డం. ఆ పిల్లకి మర్చిపోవడానికి ఏమీ లేదు కాబట్టి ముందుకు పోతోంది. నేను ఒక అడుగు ముందుకు వేయాలంటే ముందు వెనక్కి వెళ్ళాలి. కొత్త విద్య పెద్దతనంలో పట్టుబడదని లోకం అంటుంది గానీ, నా మట్టుకు వయసు కన్నా పాత విద్యే ఎక్కువ బరువయింది. మోకాళ్ళ సంగతి వేరు. కింద కూర్చోవడం నా వల్ల కాదని చెప్పి నేను కుర్చీ వేసుకున్నాను, బల్ల మీద మందంగా దుప్పటి పరిచి దాని మీద గుడ్డ పెట్టుకున్నాను. అందుకు నేనేం సిగ్గుపడలేదు.

మేడమ్ వాళ్ళమ్మగారు అక్కడే మంచం మీద కూర్చుని చూస్తుండేవారు. ఆవిడ కలంకారీ అనే మాట అనరు. "వ్రాతపని" అంటారు. కలంకారీ పారసీ మాట, వ్రాతపని మన మాట. గుళ్ళో మూలవిరాట్టు వెనక కట్టే తెరలూ, రథాలకి కట్టే గుడ్డలూ, రామాయణ భారత కథలు వరసగా గళ్ళలో గీసి కింద తెలుగులో రాసే పెద్ద పెద్ద పటాలూ వాళ్ళ పెద్దల పని. అది దాదాపు అంతరించే స్థితికి వచ్చిందని, 1950లలో చేతివృత్తుల కోసం పనిచేసిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో కాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టాక మళ్ళీ చేతులు తయారయ్యాయని ఆవిడ చెప్పేవారు. కాళహస్తి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఊళ్ళో ఎంత సంబరం పడ్డారో కూడా. "పెడన కలంకారీలో చెక్క అచ్చులు కదా అమ్మా, అచ్చు అయితే నాకు తొందరగా వచ్చేదేమో" అని నేనంటే, "అచ్చు చెక్కేవాడి చెయ్యి చూసినావా నాయనా? అది అంతకన్నా కష్టం" అన్నారు. నేనేది సులువని అన్నా ఆ ఇంట్లో చెల్లుబాటు కాలేదు.

నాలుగో నెలలో గీతలు దాటి, చిన్న పటం ఒకటి పూర్తిగా చేయనిస్తామన్నారు. ఒక పూల కుండీ, రెండు చిలకలు. నల్ల గీతలు అయ్యాయి, కాలవ పోలికలున్నా ఫరవాలేదన్నారు. తర్వాత ఎరుపు. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్ళు పూయాలి. పటికకి రంగు లేదు. పూసిన చోటూ పూయని చోటూ తడి ఆరాక ఒకటే. అది ఆరబెట్టి ఉంచి, ఎక్కువైన పటిక పోయేలా పారే నీళ్ళలో జాడించి, ఎర్ర రంగు వేసిన నీళ్ళలో ఉడికించాలి. వెనకటికి చిరివేరు అనే మొక్క వేరు వాడేవాళ్ళు, ఇప్పుడు ఎక్కువగా అలిజరిన్ అనే తయారు రంగు. పటిక ఉన్న చోటే రంగు పట్టుకుంటుంది. మిగతా చోట అంటిన పలచటి రంగు ఉతికి ఎండబెడితే పోతుంది. అంటే మీరు పెట్టిన రంగు మీకు కనపడేది కుండలోంచి గుడ్డ బయటికి తీసినప్పుడే.

స్వర్ణముఖిలో నీళ్ళున్నప్పుడు అందరూ నదిలో జాడిస్తారు. ఆ నెలలో ఇసుక తప్ప ఏమీ లేదు. బోరు దగ్గర జాడించమని చెప్పారు. నేను ఇంటికి తీసుకుపోయి, పెద్ద టబ్బు నిండా నీళ్ళు పట్టి, గుడ్డని చక్కగా నాలుగు మడతలు పెట్టి, అందులో నానబెట్టాను. మడత పెట్టడం కూడా శుభ్రతే అనుకున్నాను. పారే నీళ్ళని ఎందుకు అన్నారో కుండ దించాక తెలిసింది. టబ్బులో నిలవున్న నీళ్ళలో పటిక కరిగి మడతల మధ్య ఎక్కడ పడితే అక్కడికి పాకింది. రెండు చిలకలూ ఎర్రగా వచ్చాయి, నిజమే. వాటితోపాటు ఆకాశమూ ఎరుపే, కుండీ కింద నేలా ఎరుపే. మడత గీతలు కూడా ఎర్రగా అచ్చు పడ్డాయి. ఒక చిలక రెక్కలో మాత్రం తెల్లటి మచ్చ లాంటి చోటు, అక్కడ పూయడమే మర్చిపోయాను.

మేడమ్ చూసి ఏమీ అనలేదు. పిల్ల కూడా ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది. నాలుగు నెలలు, బస్సు ప్రయాణాలకే వంద గంటలకు దగ్గర. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, బస్సు పడటం లేదు, నడుం నొప్పి అని చెప్పాను. మూడు వారాలు వెళ్ళలేదు. సీరియళ్ళు చూశాను. మనవడికి లెక్కలు చెప్పాను, వాడు వద్దంటున్నా.

మళ్ళీ వెళ్ళడానికి కారణం గొప్పదేమీ కాదు. అంతకుముందే పెరట్లో నేనొక కసిమి కుండ పెట్టాను. మా ఇంటి స్లాబు వేసినప్పుడు సెంట్రింగు చెక్కల్లోంచి పీకిన మేకులు ఒక డబ్బా నిండా దాచి ఉంచాను, అవీ తాటిబెల్లమూ వేసి. అది బాగా పులిసింది. మా ఆవిడ ఒకరోజు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఏమండీ, ఆ కుండ వాడతారా, పారెయ్యనా? రెండింట్లో ఏదో ఒకటి ఇవాళ తేలాలి" అంది. పారెయ్యబుద్ధి కాలేదు. సీసాలోకి వడకట్టుకుని మర్నాడు కాళహస్తి బస్సెక్కాను. మేడమ్ మూత తీసి వాసన చూసి, ఒక చుక్క గుడ్డ మీద వేసి చూశారు. చుక్క చటుక్కున నల్లబడింది. "కసిమి బాగా కుదిరింది సార్" అన్నారు. అయిదు నెలల్లో ఆ ఇంట్లో నాకొచ్చిన మొదటి మెప్పు అది, తుప్పు మేకులకి.

ఆ రోజు ఆవిడ ఒక కొత్త పద్ధతి పెట్టారు. మామూలుగా చింత పుల్ల కాల్చిన బొగ్గుతో ముందు పలచగా గీసుకుని, దాని మీద కలంతో పోతాం. "ఈ పొద్దు బొగ్గు వద్దు సార్. ఊరికే వేయండి" అన్నారు. నాకు కాళ్ళ కింద నేల పోయినట్టయింది. బొగ్గు గీత ఉంటే నేను దాన్ని ఆమోదం పొందిన డ్రాయింగులా చూస్తాను. చూపు మొన మీదే ఉంటుంది, గీత తప్పిందా లేదా అని. అది లేకపోతే చూపు ఎక్కడ పెట్టాలి? "మీరు ఎక్కడికి పోవాలనో అక్కడ చూడండి. మొనని చూడొద్దు. సైకిల్ తొక్కేటప్పుడు ముందు చక్రాన్ని చూస్తారా?" అన్నారు. కాసేపు నా పక్కనే నిలబడి, ఇంకో మాట అన్నారు. "ఊపిరి బిగబట్టుకుంటా ఉండారు సార్. గీత అయ్యేదాకా మీరు గాలే పీల్చడం లేదు."

నిజమే. ఆఫీసులో పొడుగు గీత లాగేటప్పుడు ఊపిరి బిగబట్టడం మా సీనియర్ నేర్పిన విద్య. స్కేలు పక్కన అడుగు గీతకి అది సరిపోతుంది. లత అలా కాదు, అది ఒక ఊపిరిలో అయిపోయేది కాదు. ఊపిరి వదులుతూ గీయడం మొదలుపెట్టాను. మొదటి వారం అంతా ఘోరంగా వచ్చింది. అంతకుముందు కాలవైనా నిలకడగా ఉండేది, ఇప్పుడు అదీ లేదు. కానీ ఆ వంకరలో నాకు నచ్చేదేదో ఉంది. మణికట్టు బల్లకి ఆనించడం మానేసి భుజం నుంచి గీయడం కూడా అప్పుడే అలవాటైంది. నేను చెయ్యి బల్లకి ఆనించడం మానగానే వణుకు ఎక్కువవుతుందని భయపడ్డాను. మొదట్లో అయింది కూడా. రాత్రి కాఫీ మానేశాను, పొద్దున బస్సు దిగాక పావుగంట ఊరికే కూర్చుని తర్వాత కలం పట్టేవాణ్ణి. చాలావరకు సర్దుకుంది.

నోట్‌బుక్కు ఇక్కడ అక్కరకొచ్చింది. ప్రతి రోజూ గీసిన ముక్కలో ఒక జానెడు కత్తిరించి, తేదీ వేసి దాచాను. కింద ఒక లెక్క కూడా. ఒక్కసారి ముంచితే గీత పలచబడకుండా ఎన్ని అంగుళాలు వస్తోంది అని. మొదటి నెల నాలుగంగుళాలు. అయిదో నెల ఏడు. ఎనిమిదో నెలలో పదకొండు. రోజూ చూసుకుంటే ఏమీ మారినట్టుండదు, ఆ రోజు గుడ్డ మీద తప్పులే కనబడతాయి. మూడు నెలల కిందటి ముక్క తీసి పక్కన పెడితే, ఇది నేనే గీశానా అనిపించేది. మేడమ్‌కి ఆ నోట్‌బుక్కు చూపిస్తే నవ్వారు గానీ, పదకొండు అంగుళాల లెక్క చూసి ఒక కిటుకు చెప్పారు. కలంలో రంగు ఎక్కడ అయిపోతుందో ముందే తెలిస్తే, ఆ అతుకు ఆకు కిందికో, నగ కిందికో, ఇంకో గీత అడ్డం వచ్చే చోటికో వచ్చేలా చూసుకోవచ్చు. అప్పుడు అతుకు ఎవరికీ కనపడదు. ఇది నాకు చప్పున ఎక్కింది. కాంక్రీటు ఎక్కడ ఆపితే అతుకు చేటు చేయదో చూసుకునే మేం జాయింటు పెడతాం కదా. పాత విద్యలోంచి పనికొచ్చినది ఇదొక్కటే. అదైనా వచ్చింది.

మచ్చలు ఇప్పటికీ పడతాయి. తగ్గాయి. పడగానే జేబులోకి చెయ్యి పోవడం మాత్రం మానింది. ముందు చూస్తాను, దీనికి తొడిమ ఎటు పెట్టొచ్చు అని. ముత్యం అవుతుంది, మొగ్గ అవుతుంది, ఒకసారి తేనెటీగ అయింది. ఒక పటంలో ఏడు మచ్చలు పడ్డాయి, అందులో నేరేడు చెట్టే నాటాల్సి వచ్చింది.

రానిది కళ్ళు. వ్రాతపనిలో కన్ను పెద్దది, చెవి దాకా సాగి ఉంటుంది. ముఖంలో మిగతావన్నీ అయ్యాక చివర్న పెడతారు. మేడమ్ పై రెప్ప ఒక గీత, కింది రెప్ప ఒక గీత, మధ్యలో చుక్క, అంతే. సీతమ్మ మనల్ని చూస్తుంది. నేను గీస్తే సీతమ్మకి నిద్ర సరిపోనట్టు ఉంటుంది. పిల్ల కళ్ళు గీసేస్తోంది, ఇప్పుడు తొమ్మిదో తరగతి. "తాతా, నువ్వు కన్ను గీసేటప్పుడు నీ కన్ను మూసుకుంటావు" అని మొన్న కనిపెట్టింది. నాకు తెలియదు. నిజమే అయ్యుంటుంది, ఆ పిల్ల ఇంతవరకు తప్పు చెప్పలేదు. నోట్‌బుక్కులో రెండు పేజీల నిండా కళ్ళే ఉన్నాయి. మనవడు చూసి భయపడ్డాడు.

పోయిన సోమవారం మేడమ్ ఒక చీర నా బల్ల మీద పరిచారు. ఎవరో పెళ్ళికి ఆర్డరు ఇచ్చారట. కొంగు మీద బొమ్మలన్నీ ఆవిడే గీశారు, అంచు ఖాళీగా ఉంది. "అంచు లత మీరు వేయండి సార్. శుక్రవారానికి ఉడకబెట్టాల" అన్నారు. బొగ్గు ఇవ్వలేదు. నేను, "మచ్చ పడితేనో అమ్మా?" అన్నాను. ఆవిడ అప్పటికే లోపలికి వెళుతున్నారు. వెనక్కి తిరగకుండానే, "పడితే మీరే చూసుకోండి" అన్నారు.

అయిదున్నర మీటర్లు, రెండు వైపులా. ముంచిన ప్రతిసారీ పదకొండు అంగుళాల లెక్కన ఎన్నిసార్లు ముంచాలో లెక్క వేసి చూసుకుని, మొదటి అతుకు ఏ ఆకు కిందికి వస్తుందో వేలితో గుర్తు పెట్టుకుని, కలం ముంచాను.